గాలపు దారము – ముడి బలము

సెలవు దినములలో తెల్లవారుజామున గోదావరిఖని నుండి గోదావరి గట్టుకు పోవు దారిలో గాలపు కర్రలు పట్టుకొని పోయేవారు కనబడుతుంటారు. వారిలో గని కార్మికులు ఉంటారు, విద్యుత్ కేంద్రపు ఉద్యోగులు ఉంటారు, బడిపిల్లలు కూడా ఉంటారు. చేప పడితే కూరకు వస్తుంది. పడకపోతే చల్లని గాలి, విశ్రాంతి దక్కుతాయి. అయితే గట్టు మీద తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: "పెద్ద చేపనే పడ్డది, దారం తెంపుకొని పోయింది."

తిరిగి వచ్చిన దారపు కొసను శ్రద్ధగా చూచినచో కథ తెలియును. చాలాసార్లు దారము మధ్యలో తెగి ఉండదు. గాలమును కట్టిన చోటనే తెగి ఉంటుంది. కొస మెలికలు తిరిగి ఉన్నదంటే దారము అసలు తెగనే లేదు, ముడి జారిపోయినదని అర్థము. అటువంటప్పుడు చేప నోటిలో గాలము గుచ్చుకొనియే పోతుంది. మనిషికి పోయినది ఒక పూట కూర మాత్రమే. ఆ చేపకు మేత తినుటయే కష్టమగును.

భూగర్భ గనులలో బొగ్గు టబ్బులను లాగు ఇనుప తాడును చూచినవారికి ఈ విషయము కొత్త కాదు. తాడు ఎంత లావుగా ఉన్నా, అది టబ్బుకు తగులుకొను చోటు బాగుండనిచో ప్రమాదము తప్పదు. అందువలన ఆ చోటును ప్రత్యేకముగా పరీక్షిస్తారు. గాలపు దారమునకు కూడ ఇదే నియమము వర్తించును. దాని బలము అన్నిటికన్న బలహీనమైన చోట ఎంత ఉన్నదో అంతే. ఆ చోటు సాధారణముగా ముడి.

బొగ్గు, గాలి, నీరు

పూర్వము గాలమునకు నూలు దారము, జనుము నార, పట్టు దారము వాడేవారు. ఇవి నీటిలో నానుటచే త్వరగా కుళ్ళిపోయేవి. 1935లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ పరిశోధనశాలలో వాలేస్ కరోథర్స్ బృందము నైలానును తయారుచేసినది. 1938లో కంపెనీ దానిని లోకమునకు ప్రకటించినపుడు, అది బొగ్గు, గాలి, నీరు అను మూడింటి నుండి పుట్టినదని చెప్పినది. ఈ మాటలో సత్యమున్నది. గాలి తగలకుండ బొగ్గును వేడిచేసినపుడు తారు వచ్చును. తారు నుండి ఫినాల్, బెంజీన్ వంటి పదార్థములు లభించును. నత్రజని గాలి నుండి, ఉదజని నీటి నుండి తీసుకొనవచ్చును. ఈ మూలకములే నైలాను అణువులలో పొడవైన గొలుసులుగా అమరి ఉన్నవి. నేడు దీనికి ముడిసరుకు ఎక్కువగా పెట్రోలియము నుండి వచ్చుచున్నది. సింగరేణి బొగ్గు ప్రధానముగా విద్యుత్ కేంద్రములలో కాలునదే. అయినను బొగ్గు ప్రాంతపు విద్యార్థి తన చేతిలోని గాలపు దారమునకు బొగ్గుతో ఇట్టి చుట్టరికమున్నదని తెలిసికొనుట బాగుండును.

దారపు బలము దాని వ్యాసమును బట్టి గాక, మధ్యచ్ఛేద వైశాల్యమును బట్టి పెరుగును. 0.30 మిల్లీమీటర్ల వ్యాసము గల నైలాను దారము సుమారు 5 కిలోగ్రాముల భారమును ఆపగలదు. వ్యాసము రెండింతలై 0.60 మిల్లీమీటర్లయినచో వైశాల్యము నాలుగింతలగును. కనుక సుమారు 20 కిలోగ్రాములు ఆపును. అట్లని ఎప్పుడూ లావు దారమే వాడుట మేలు కాదు. అది నీటిలో చేపకు కనబడును, దూరము విసరుటకు లొంగదు. బొచ్చె, రోహు, బంగారుతీగ వంటి చేపలకు నడితరపు దారము చాలును. వాలుగ చేపకు మాత్రము పదునైన పండ్లు ఉండుటచే గాలమునకు పైన జానెడు సన్నని ఉక్కు తీగ కట్టవలెను.

నైలాను నీటిని పీల్చుకొనును. తడిసినపుడు దాని బలము నూటికి పది, పదిహేను పాళ్ళు తగ్గును. ఎండలోని అతినీలలోహిత కిరణములు దాని అణు గొలుసులను తెంపును. అందువలన దారపు చుట్టను ఎండలో నిలిపిన బండి పెట్టెలో ఉంచరాదు. గోటితో గీచినపుడు గరుకు తగిలిన దారమును, తెల్లబారిన దారమును తీసివేయుటే మంచిది.

ముడి వద్దనే ఎందుకు తెగును?

దారమును సూటిగా లాగినపుడు భారమంతయు దాని మందములో సమముగా పంచుకొనబడును. దానినే బిగువుగా వంచినపుడు వంపు వెలుపలి భాగము సాగును, లోపలి భాగము నొక్కుకొనును. అప్పుడు భారములో ఎక్కువ పాలు వెలుపలి భాగముపై పడును. తెగుట అక్కడ ప్రారంభమగును. పిల్లలు సాధారణముగా వేయు ఒంటి ముడిలో దారము తన మీద తానే పడి కోసుకొనును. అట్టి ముడి దారపు బలమును సుమారు సగమునకు తగ్గించును.

మంచి ముడిలో చుట్లు ఎక్కువ. చుట్ల ప్రయోజనమేమో పడవవానిని చూచి నేర్చుకొనవచ్చును. ఏటి ప్రవాహము లాగుచున్న పడవను అతడు ఒంటి చేతితో ఆపలేడు. తాడును గట్టుమీది గుంజకు మూడు చుట్లు చుట్టినచో సునాయాసముగా ఆపును. తాడుకు, గుంజకు మధ్య ఘర్షణ గుణకము 0.2 అనుకొందము. ఒక చుట్టుకు చేతి బలము మూడున్నర రెట్లగును; రెండు చుట్లకు పన్నెండు రెట్లు, మూడు చుట్లకు నలువది రెట్లకు పైన. గాలపు ముడిలోని చుట్లు కూడ ఇట్లే పనిచేయును. చేప లాగుడు ఒక్కొక్క చుట్టు వద్ద కొంత ఆగిపోయి, దారపు కొసకు చేరుసరికి దాదాపు మిగలదు. అందుచేత కొస జారదు.

బిగించునపుడు మరొక జాగ్రత్త కావలెను. పొడి దారమును ఒక్కసారిగా బిగిస్తే చుట్లు ఒరుసుకొని వేడి పుట్టును. నైలాను వేడికి మెత్తబడు పదార్థము గనుక ఆ వేడికి దాని పైపొర చెడును. ముడిని నీటితో తడిపి, నెమ్మదిగా లాగి బిగించవలెను.

మూడు మంచి ముడులు

మొదటిది ఐదు చుట్ల ముడి. దారపు కొసను గాలపు కంటిలో దూర్చి, నిలువు దారము చుట్టును ఐదుసార్లు తిప్పవలెను. తరువాత కొసను కంటి ప్రక్కనే ఏర్పడిన చిన్న సందులో దూర్చి, ఆ దూర్చుటలో ఏర్పడిన పెద్ద ఉచ్చులో నుండి మరల బయటికి తీయవలెను. తడిపి, నిలువు దారమును లాగినచో చుట్లు ఒకదాని ప్రక్క నొకటి వరుసగా కూర్చుండును. ఒకదానిపై ఒకటి ఎక్కినచో ముడి విప్పి మరల వేయవలెను.

రెండవది జంట దారపు ముడి. జానెడు దారమును మడిచి, ఆ మడతను గాలపు కంటిలో దూర్చవలెను. జంట దారముతోనే వదులుగా ఒంటి ముడి వేసి, మడత ఉచ్చులో నుండి గాలమును పూర్తిగా దాటించవలెను. తడిపి, జంట దారమును, కొసను కలిపి లాగవలెను. కంటిలో రెండు వరుసల దారము ఉండుటచే ఇది మిక్కిలి బలమైనది. చీకటిలో కూడ వేయవచ్చును. జారుడు స్వభావము గల అల్లిక దారమునకు ఇదియే తగినది.

మూడవది రెండు దారములను కలుపునది. రెండు కొసలను ఎదురెదురుగా జానెడు మేర ప్రక్కప్రక్కన ఉంచవలెను. ఒక కొసను వెనుకకు మడిచి ఉచ్చు చేసి, ఆ ఉచ్చులో నుండి రెండు దారముల చుట్టును ఐదుసార్లు తిప్పి బిగించవలెను. రెండవ కొసతోను ఇట్లే చేయవలెను. నిలువు దారములను లాగినచో రెండు ముడులు జారివచ్చి ఒకదానికొకటి ఆనుకొనును.

శ్రద్ధగా వేసిన ఈ ముడులలో దారపు బలములో నూటికి ఎనుబది పాళ్ళయినను నిలుచును. దీనిని పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. గాలమునకు బదులు చిన్న ఇనుప వలయమును వాడి, సన్నని దారమును ఒకసారి ఒంటి ముడితోను, మరొకసారి ఐదు చుట్ల ముడితోను కట్టి, స్ప్రింగు త్రాసుతో నెమ్మదిగా లాగి, తెగు క్షణమున సూచిక ఎక్కడ ఉన్నదో చూడవలెను. ఒక్కొక్క ముడిని పదిసార్లు పరీక్షించి సగటు తీయవలెను. తెగిన దారము ఎగిరి కంటికి తగులవచ్చును గనుక కండ్లద్దాలు తప్పనిసరి.

కర్ర, రీలు, చేతివల

గాలపు కర్ర ఒక తులాదండము. అయితే అది మనిషికి సాయపడునట్టిది కాదు. కర్ర పొడవు 2.4 మీటర్లు, దాని మొదలు పొట్టకు ఆని, చేయి 30 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొందము. చేప కొసను 1 కిలోగ్రాము బలముతో అడ్డముగా లాగినచో చేయి 8 కిలోగ్రాముల బలమును చూపవలెను. మరి కర్ర ఎందుకు? చేయి జానెడు కదిలిన కొస ఎనిమిది జానలు కదులును. అందువలన గాలమును దూరము విసరవచ్చును. మరియు కర్ర వంగి, చేప ఇచ్చు కుదుపును స్ప్రింగువలె తనలోనికి తీసుకొనును. కర్రను నేరుగా చేపవైపు చాచిన ఆ ప్రయోజనము పోయి, కుదుపంతయు ముడి మీద పడును.

రీలుకు ఉండు బ్రేకును ఎంత బిగించవలెనో లెక్కించవచ్చును. దారపు బలము 5 కిలోగ్రాములు. ముడి వలన అది 4 అగును. తడి వలన సుమారు మూడున్నర అగును. ఒక్కసారిగా పడిన భారము సాగు దారములో తనకు రెట్టింపు లాగుడును కలిగించును. కనుక అందులో సగము, అనగా ఒకటిముప్పావు కిలోగ్రాము మాత్రమే నమ్మదగినది. బ్రేకును ఒకటింబావు, ఒకటిన్నర కిలోగ్రాముల లాగుడుకే దారము వదలునట్లు స్ప్రింగు త్రాసుతో సరిచూచి పెట్టవలెను.

ఇంత తక్కువ బలముతో నాలుగు కిలోల బొచ్చెను ఎట్లు తీయగలరు? ఆర్కిమిడీసు సూత్రము ఇక్కడ అక్కరకు వచ్చును. చేప సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానము. నీటిలో దానికి బరువు ఉండదనియే చెప్పవచ్చును. అప్పుడు దారముపై పడునది దాని ఈత బలము మాత్రమే. అలసిన చేపను దారముతో పైకెత్తిన క్షణమున నాలుగు కిలోలూ ముడి మీద పడును. గట్టు దగ్గర చేపలు పోవుటకు కారణమిదే. చేప క్రిందికి చేతివల పెట్టి ఎత్తవలెను.

ప్రయాణములో, గట్టు మీద

రామగుండము స్టేషను కాజీపేట–బల్లార్షా రైలు మార్గముపై ఉన్నది. హైదరాబాదు నుండి కరీంనగరు మీదుగా రాజీవ్ రహదారిపైనను రావచ్చును. ప్రయాణమున కర్రను విడదీసి ప్లాస్టికు గొట్టములో ఉంచవలెను. గాలములను మూత గల డబ్బాలో పెట్టవలెను. నేటి కర్రలు చాల వరకు కార్బను నారతో చేసినవి. కార్బను నార విద్యుద్వాహకము. రైలు మార్గముపై తీగలలో 25,000 వోల్టుల విద్యుత్తు ప్రవహించును. విద్యుత్ కేంద్రముల నుండి బయలుదేరు తీగలలో ఇంకను ఎక్కువ. తగలకపోయినను, దగ్గరగా వచ్చినంతనే విద్యుత్తు గాలిలో దూకవచ్చును. కర్రను స్టేషనులో గాని, తీగల క్రింద గాని జోడించి ఎత్తరాదు. ఉరుములు వినబడగానే క్రింద పెట్టవలెను.

ఎల్లంపల్లి వద్ద గోదావరిపై కట్టిన శ్రీపాద సాగరము 20 టి.ఎం.సి.ల నీటిని నిలుపును. ఎగువ వరద వచ్చినపుడు గేట్లు ఎత్తగానే దిగువ నీరు త్వరగా పెరుగును. దిగువన ఏటి మధ్య బండలపై, ఇసుక దిబ్బలపై కూర్చుండుట ఎంత మాత్రము తగదు. నీటి అంచున ఒక గులకరాయి ఉంచి అప్పుడప్పుడు చూచుచుండవలెను. రాయి మునిగినచో సామాను సర్దుకొనుటకైనను ఆగక గట్టెక్కవలెను. 2022 జూలై వరదలో ఆవలి ఒడ్డునున్న మంచిర్యాలలో ఇండ్లు కూడ మునిగినవి.

నీరు నిండిన పాత ఓపెన్ కాస్టు గోతులు చూపునకు చెరువువలె నుండును. కాని చెరువు అడుగు వాలుగా దిగును. గోతి అడుగు మెట్లుమెట్లుగా, అడుగు వేసినంతలో నిలువు లోతుకు పడిపోవును. అంచున ఉన్నది పోసిన మట్టి గనుక జారును. గని ప్రాంతములో అనుమతి లేక అడుగు పెట్టరాదు.

ఎండకాలమున వేకువనే పోవుట మేలు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగి ఉండగలదు. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. మధ్యాహ్నము చేపలు లోతుకు పోయి మేత మానును. వానకాలము బొచ్చె, రోహు గ్రుడ్లు పెట్టు కాలము. ఆ నెలలలో వాటిని విడిచిపెట్టవలెను. చెరువులలో, జలాశయములలో చేపలపై గంగపుత్రులు, ముదిరాజులు మొదలగువారి సహకార సంఘములకు హక్కు ఉండును. అది వారి జీవనాధారము. గాలము వేయుటకు ముందు వారి అనుమతి పొందవలెను.

చివరిగా, కత్తిరించిన దారపు ముక్కలను గట్టున వదలరాదు. నూలు కుళ్ళిపోవును గాని నైలాను ఏండ్ల తరబడి చెడదు. కొంగల కాళ్ళకు, పశువుల నోళ్ళకు చుట్టుకొనును. ప్రతి ముక్కను డబ్బాలో వేసికొని ఇంటికి తేవలెను. ప్రతి రాకకు గాలపు ముడిని కోసి క్రొత్తగా వేయవలెను. ఆ పనికి రెండు నిమిషములకన్న ఎక్కువ పట్టదు.