రాయి సంగతి నీళ్లు చెబుతాయి

మా అంగలకుదురు తెనాలిని ఆనుకునే ఉంటుంది. నగ కొనాలన్నా, మార్చాలన్నా మావాళ్లు తెనాలి బజారుకే వెళ్తారు. తీరా కొన్నాక అనుమానం వస్తే నా దగ్గరికొస్తారు. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా, ఇంట్లో భూతద్దం, చిన్న తూకం మెషీను ఉంటాయని అందరికీ తెలుసు. "మాస్టారూ, ఇది జాతి రాయేనంటారా?" అంటూ ఉంగరం చేతిలో పెడతారు. ఎవరొచ్చినా ముందుగా ఒక మాట చెబుతాను. ఇది ఫలానా రాయి కాదని ఇంట్లో తేల్చవచ్చు. గనిలో దొరికిన అసలు రాయేనని మాత్రం ఇంట్లో తేల్చలేం.

ఎందుకంటే కెంపును మనిషి చేయడం నేర్చి నూరేళ్లు దాటింది. అల్యూమినా పొడిని మంటలో కరిగించి కెంపు తయారు చేసే పద్ధతిని వెర్నోయ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1902లో ప్రకటించాడు. గని కెంపులో ఉన్న పదార్థమే అందులోనూ ఉంటుంది. గట్టితనం రెండింటికీ మోస్ కొలతలో 9. రెండూ గాజు మీద గీత పెడతాయి, నీళ్లలో ఒకేలా తూగుతాయి. అమ్మమ్మ కాలం నాటి ఎర్రరాళ్ల దుద్దులని ధీమాగా ఉండేవాళ్లకు నేను ఆ 1902నే గుర్తు చేస్తాను. అవి ఆ తర్వాత చేయించినవైతే మంటలో పుట్టిన కెంపులూ కావచ్చు.

అయితే గాజునూ, వేరే జాతి రాయినీ పట్టుకోవడానికి ఇంట్లో చక్కటి దారి ఉంది. ఈ పరీక్ష పొదగని విడి రాయికే పనికొస్తుంది. గ్రాములో నూరో వంతు చూపే తూకం మెషీను కావాలి. మొన్న మా వీధిలో ఒకావిడ గురుబలం కోసమని పుష్యరాగం కొనుక్కొచ్చింది. ముందు రాయిని మామూలుగా తూచాం. 1.20 గ్రాములు, అంటే 6 క్యారెట్లు. తర్వాత గాజు గ్లాసులో సగానికి నీళ్లు పోసి, మెషీను మీద పెట్టి సున్నా చేశాను. రాయిని సన్నని కుట్టుదారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీశాను. అడుగుకూ అంచుకూ తగలకూడదు. అప్పుడు మెషీను చూపే అంకె రాయి తోసిన నీటి బరువు. మొదటి తూకాన్ని దాంతో భాగిస్తే రాయి సాంద్రత తేలుతుంది.

అసలు పుష్యరాగమైతే 0.30 చూపాలి, భాగిస్తే 4 వస్తుంది. అమెరికన్ డైమండ్‌కు పసుపు రంగు వేసి అమ్మి ఉంటే 0.21 దగ్గర ఆగుతుంది. ఆవిడ రాయికి 0.45 వచ్చింది. భాగిస్తే 2.67. అది సిట్రిన్ కావచ్చు, స్ఫటికం జాతిది, అదీ భూమిలో దొరికే రాయే. గాజైనా కావచ్చు, మామూలు గాజు సాంద్రత 2.5 దగ్గరే ఉంటుంది, ఇంత చిన్న తూకం మెషీనుతో ఆ రెంటినీ విడదీయడం కష్టం. పుష్యరాగం మాత్రం కాదు. బిల్లు తీసుకుని వెంటనే కొట్టుకు వెళ్లమన్నాను.

ఈ పని చేసేటప్పుడు రాయికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది. నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే అవి పట్టవు. రెండు మూడుసార్లు తూచి చూసుకోవాలి. సీసం కలిపిన గాజు బరువుగా ఉంటుంది కాబట్టి అంకె సరిపోయినంత మాత్రాన నిశ్చింత కూడదు.

ఇక పొదిగిన నగ సంగతి. ముందు వెనక్కి తిప్పి చూడండి. మన పాత పద్ధతి నగల్లో రాయి వెనక మూసేసి, కింద మెరిసే రేకు వేస్తారు. ఆ రేకు రంగు వల్ల పాలిపోయిన రాయి కూడా ముదురు కెంపులా కనిపిస్తుంది. అలాంటి నగ రంగు చూసి ధర కట్టకండి. బందరు పక్కన చిలకలపూడిలో చేసే గిల్టు నగల్లోనూ రాళ్లు ధగధగలాడతాయి. వాటిని గిల్టని చెప్పే అమ్ముతారు, ఆ పనివాళ్ల పనితనం నాకెంతో ఇష్టం. గాజును కెంపు ధరకు అంటగట్టేవాళ్ల మీదే నా కోపమంతా.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం దొరికితే రాయి లోపల చూడండి. గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే చాలావరకు గాజే. ఏళ్ల తరబడి పెట్టుకున్న ఉంగరమైతే రాయి పలకల అంచులు గమనించండి. దుమ్ములో స్ఫటికపు రేణువులుంటాయి, వాటి గట్టితనం 7. గాజుది ఐదున్నర దగ్గర. రోజూ తగిలే దుమ్ముకే గాజు అంచులు మొద్దుబారిపోతాయి, కెంపు అంచులు పదునుగానే నిలుస్తాయి.

ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రాయండి. ముత్యమైతే గరుగ్గా తగులుతుంది, గాజుదీ ప్లాస్టిక్‌దీ నున్నగా జారిపోతుంది. చెరువుల్లో పెంచిన ముత్యమూ గరుగ్గానే ఉంటుంది, అదీ ముత్యమే. వజ్రం మీద నోటి ఆవిరి పడితే క్షణంలో పోతుందన్న మాట నిజమే కానీ, మోయిసనైట్ అనే రాయి మీదా అంతే త్వరగా పోతుంది. కొట్లో వేడిని బట్టి చూసే టెస్టర్ కూడా దాని దగ్గర మోసపోతుంది.

దయచేసి రాయిని కాల్చి చూడకండి, గీకి చూడకండి. పచ్చల పగుళ్లలో చాలాసార్లు నూనె పట్టించి ఉంటుంది, వేడికి అది పాడవుతుంది. నిమ్మరసం ముత్యాన్నీ పగడాన్నీ తినేస్తుంది.

ఖరీదైన రాయైతే ల్యాబ్ రిపోర్టు లేకుండా కొనవద్దు. అందులో రాయి పేరుతో పాటు అది సహజమైనదా, వేడిచేసి రంగు తెప్పించారా అన్నది కూడా రాసి ఉందేమో చదవండి. నగ మీద హాల్‌మార్కు బంగారానికే హామీ, రాయికి కాదు. బిల్లులో రాళ్ల బరువు, రాళ్ల ధర విడిగా రాయించుకోండి. రేపు అమ్మబోతే రాళ్ల బరువు తీసేసి బంగారానికే లెక్క కడతారు.