వాయిదాల అప్పు – గణిత సూత్రము

ఇబ్రహీంపట్నము చుట్టుపట్ల గ్రామములలో విత్తనములకో, వైద్యమునకో, బిడ్డల చదువునకో అప్పు తెచ్చుకొను కుటుంబములు పెక్కు గలవు. పాఠశాలలో చక్రవడ్డీ నేర్చిన విద్యార్థి తన యింటి వాయిదాల కాగితమును చూచి, అందలి లెక్క న్యాయమైనదో కాదో చెప్పజాలనిచో ఆ విద్యవలన ప్రయోజనమేమి? కావున ఆ లెక్కను ఇచ్చట వివరింప దలచితిమి.

ఒక రైతు 10,000 రూపాయలను నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తీసికొని, 12 సమాన వాయిదాలలో తీర్ప నొప్పుకొనెననుకొందము. అప్పిచ్చువాడు ఇట్లు లెక్కించును: నెలకు 200 చొప్పున ఏడాదికి మిత్తి 2,400, అసలుతో కలిసి 12,400, అందు పండ్రెండవ వంతు 1,033 రూపాయల 33 పైసలు. ఇది వినుటకు సరిగానే యుండును. కాని మొదటి వాయిదా చెల్లినది మొదలు అసలు తగ్గుచుండగా, మిత్తి మాత్రము తుదివరకు పదివేలమీదనే పడుచున్నది. దోషమిదియే.

సరియైన వాయిదా యెంత? నెల కడచిన పిమ్మట వచ్చు రూపాయి నేటి రూపాయికంటె తక్కువ విలువ గలది, దానిని 1.02తో భాగించిన నేటి విలువ తేలును. రెండు నెలల తరువాతి రూపాయిని మరియొక మారు భాగింపవలెను. ఇట్లు పండ్రెండు విలువలును గుణశ్రేఢియగును. వాయిదాలన్నిటి నేటి విలువల మొత్తము అసలునకు సమానము కావలెను. శ్రేఢి మొత్తమునకు సూత్రమున్నది గనుక పని సులభము. 1.02ను పండ్రెండుమారులు వేసి హెచ్చవేసిన 1.2682 వచ్చును. ఒకటిని దీనితో భాగించిన 0.7885. దీనిని ఒకటినుండి తీసివేసిన 0.2115. మొదటి నెల మిత్తియగు 200ను దీనితో భాగించిన వాయిదా దాదాపు 945 రూపాయల 60 పైసలు. పై లెక్కకును దీనికిని భేదము నెలకు 87 రూపాయలకు పైగా, ఏడాదికి సుమారు 1,053 రూపాయలు!

నెలనెలకు పట్టిక వేసి వెదకనక్కర లేక, ఒక్క సూత్రముతో ముగియు ఇట్టి సాధనను ఆంగ్లమున క్లోజ్డ్ ఫారం అందురు. శ్రేఢులును వడ్డీ లెక్కలును తెలుగువారికి క్రొత్తవి కావు. తొమ్మిదవ శతాబ్దమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగించెను.

ఇట్టి సూత్రములు అప్పులకే పరిమితములు కావు. మన పెద్దచెరువును తలంపుడు. వాగులనుండి నీరు చేరుచుండును. తూములవలనను ఆవిరివలనను పోవుచుండును. రాకయు పోకయు సమమైనచోట మట్టము నిలుచును. 1956లో రాబర్టు సోలో దేశసంపద వృద్ధి నిట్లే వివరించెను: పొదుపు యంత్రసామగ్రిని పెంచును, అరుగుదల తగ్గించును. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్సు అనువారు, ఒక వాటాను నియమిత దినమున ముందు నిర్ణయించిన ధరకు కొను హక్కునకు వెలకట్టు సూత్రమును ప్రకటించిరి. అయితే ధరల ఒడుదుడుకుల తీవ్రత మారదని వారు భావించిరి. భావన తప్పినచోట సూత్రమును తప్పును.

కొన్ని ప్రశ్నలకు సూత్రమే దొరకదు. 1,033 రూపాయల 33 పైసల వాయిదాలో దాగిన నిజమైన మిత్తి యెంత? ఇది పండ్రెండవ ఘాతము గల సమీకరణము. అయిదవ ఘాతము మొదలుకొని, మూలములతో కూడిన సామాన్య సూత్రము లేదని 1824లో నార్వే దేశీయుడగు ఆబెల్ నిరూపించెను. కావున ఊహించి, సరిచూచి, సవరింపవలెను. మూడు రూపాయల మిత్తికి వాయిదా 1,004 రూపాయల 62 పైసలు. నాలుగింటికి 1,065 రూపాయల 52 పైసలు. మూడున్నరకు 1,034 రూపాయల 84 పైసలు. అనగా రెండని చెప్పిన మిత్తి నిజమునకు మూడున్నరకు ఇంచుక తక్కువ!

తల్లిదండ్రులారా, కాగితముపై సంతకము చేయుటకు ముందు, ప్రతి వాయిదా పిమ్మట అసలెంత మిగులునో వ్రాసి చూపుమని అడుగుడు. విద్యార్థులారా, ఆ పట్టికను మీరే వేసి, పై సూత్రముతో సరిచూచి యింటివారికి వినిపింపుడు.