మహమ్మారులకు ముందుచూపు

1951లో, కొరియా యుద్ధము సాగుచుండిన కాలమున, శత్రువు రోగక్రిములనే ఆయుధములుగా ప్రయోగించునేమో యను భయము అమెరికా ప్రభుత్వము నావరించియుండగా, అలెగ్జాండర్ లాంగ్ముయిర్ అను వైద్యుడు ఆ భయమునే ఆధారముగా గైకొని, అంటువ్యాధి ఎచ్చట పొడసూపినను తక్షణమే అచ్చటికి పోయి దాని మూలమును కనుగొనగల యువవైద్యుల దళమొకదానిని అట్లాంటా నగరమున నెలకొల్పెను. క్రిమిని పగవాడు వదలినను, ప్రకృతియే పుట్టించినను, మొదట మనకు కనబడునది జ్వరముతో మంచముపట్టిన మనుష్యుడే; అతనిని త్వరగా గుర్తింపగల వ్యవస్థ రెండు విపత్తులయందును అక్కరకు వచ్చును. ఈ యోచనయందలి వివేకము నాకు మిక్కిలి గొప్పదిగా తోచుచున్నది.

ఆ దళమున 1955లో చేరిన డొనాల్డ్ హెండర్సన్ జీవితమును పరిశీలించినచో జీవభద్రతా పరిశోధకుని వృత్తి ఎట్టిదో బోధపడగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మశూచికా నిర్మూలనోద్యమమునకు నాయకుడై 1966లో ఆయన జెనీవాకు వెళ్లునాటికి ఆ వ్యాధి ఏటేట కోటిమందికి తక్కువకాకుండ సోకుచుండెను. దాని తీవ్రరూపమునకు గురియైనవారిలో నూటికి 30 మంది మరణించుచుండిరి. ఆ సంవత్సరాంతమున తూర్పు నైజీరియాలో విలియం ఫేగీ అను వైద్యుడు, టీకామందు చాలనందున, రోగులెచ్చట నున్నారో వెదకి, వారి చుట్టుపట్ల నున్నవారికి మాత్రమే టీకాలు వేయింపగా, ఊరంతటికిని వేయకయే వ్యాధి ఆగిపోయెను. మశూచికము సోకిన పిదప జ్వరము పొడచూపుటకు పది పదునాలుగు దినములు పట్టుటయు, సోకిన మూడునాలుగు దినములలోపల వేసిన టీకా సైతము రక్ష యగుటయు, ఆ వైరసునకు మనుష్యశరీరము తప్ప మరియొక ఆశ్రయము లేకుండుటయు ఈ పద్ధతికి ప్రాణములు. వ్యాధిని తరుముటకంటె దాని వార్తను ముందుగా వినుట ముఖ్యమని హెండర్సన్ గ్రహించి, దానినే సర్వదేశములకును విధానముగా జేసెను.

మన దేశమున 1973 శరత్తునుండి ఆరోగ్యకార్యకర్తలు, పొక్కులతో నిండిన శిశువు చిత్రముగల అట్టలను చేతబట్టి ఇంటింటికిని తిరిగి, ఇట్టివారెవరైన ఉన్నారా యని అడుగుచు, రోగిని చూపినవారికి బహుమానములిచ్చుచు వెదకిరి. మన పల్లెలలో అమ్మవారు సోకినదని తలచి వేపమండలు కట్టి మొక్కుకొనిన ఆ వ్యాధి, 1974లో బీహారున విజృంభించి నిరాశ కలిగించినను, 1975 మే నెల పిమ్మట భారతదేశమున మరల కనబడలేదు. 1977 అక్టోబరులో సోమాలియాలో ఒక ఆసుపత్రి వంటవానికి సోకినదే లోకమున తుది సహజరోగము.

కాని కథ అంతటితో ముగియలేదు. మరుసటియేట ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ వైద్యకళాశాలలో పనిచేయు ఛాయాచిత్రకారిణి యొకతె, అచ్చటి ప్రయోగశాలనుండి వెలువడిన వైరసు సోకి మరణించెను. సోవియట్ ప్రభుత్వము మశూచికమును ఆయుధముగా సిద్ధపరచిన సంగతి 1990ల దశకమున వెల్లడియగుటతో, తాను నిర్మూలించిన వ్యాధియే మానవుని చేతిమీదుగా మరల వచ్చుననెడి ఆందోళన హెండర్సన్‌ను బాధించెను. విశ్రాంతి గైకొనదగిన వయస్సున, 1998లో, ఆయన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమున జీవాయుధరక్షణ పరిశోధనకేంద్రమును స్థాపించెను. 2001 జూన్‌లో ఆ కేంద్రము ఇతరసంస్థలతో కలిసి, మశూచికదాడి జరిగినట్లు ఊహించి మాజీ ప్రభుత్వాధికారులచేత నిర్ణయములు చేయించి చూడగా, టీకాల నిల్వ ఎంత కొరతయో తేటపడెను. ఆ శరత్తుననే ఆంత్రాక్సు పొడిగల ఉత్తరములవలన ఐదుగురు మరణించిరి. అప్పుడు అమెరికా ప్రభుత్వము సన్నాహబాధ్యతను హెండర్సన్‌కే అప్పగించెను. నేడు అట్లాంటాలోను, రష్యాలోని కోల్త్సోవోలోను మాత్రమే మిగిలియున్న వైరసు నిల్వలను నాశనము చేయవలెనని ఆయన 2016లో మరణించువరకును కోరుచుండెను.

ఈ వృత్తికి వైద్యులతోపాటు గణాంకవేత్తలు, పశువైద్యులు, న్యాయశాస్త్రజ్ఞులు సైతము కావలయును. లాంగ్ముయిర్ దళమును పోలిన శిక్షణ 2012నుండి ఢిల్లీయందలి జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రమున జరుగుచున్నది. వైద్యవిద్య ముగించిన మన తెలుగు యువతీయువకులు ఆ మార్గమును శ్రద్ధతో పరిశీలింపవలెనని నా ప్రార్థన.