కరెంటు లేని పదిహేడు గంటలు

ఊరికి వెలుగునిచ్చే అణు విద్యుత్ కేంద్రమే చీకట్లో మునిగితే? రియాక్టర్‌ను ఆపేసినా వేడి ఆగదు. ఆ వేడిని ఎవరు, ఎలా చల్లార్చాలి? గంగ ఒడ్డున ఒక రాత్రి, జపాన్ తీరంలో ఒక మధ్యాహ్నం ప్రపంచానికి నేర్పిన పాఠం ఇది.

1993 మార్చి 31. తెల్లవారుజామున మూడున్నర. ఉత్తర్‌ప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రం. మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు రెక్కలు విరిగిపడ్డాయి. నిమిషానికి మూడువేల సార్లు తిరిగే యంత్రం ఒక్కసారిగా తూకం తప్పింది. ఆ అదురుకు సీళ్లు తెగి, జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికి తన్నుకొచ్చి భగ్గుమంది. కందెన నూనె అంటుకుంది. మంటలు కేబుళ్ల వెంట పాకాయి.

నిమిషం తిరక్కముందే ఆపరేటర్లు రియాక్టర్‌ను ఆపేశారు. అది వాళ్ల చేతిలో ఉన్న పని. ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. కొద్ది నిమిషాల్లోనే గ్రిడ్ కరెంటు, డీజిల్ కరెంటు, బ్యాటరీ కరెంటు అన్నీ పోయాయి. కంట్రోల్ రూమ్‌లోకి పొగ కమ్ముకొచ్చి సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. అత్యవసర కంట్రోల్ రూమ్‌కు వెళ్తే అక్కడా కరెంటు లేదు. రియాక్టర్ లోపల ఏం జరుగుతోందో చెప్పే మీటరు ఒక్కటీ పనిచేయడం లేదు.

ఆపినా ఆరని పొయ్యి

బొగ్గు కేంద్రంలో పొయ్యి ఆపితే కథ అయిపోతుంది. అణు కేంద్రంలో అలా కాదు. యురేనియం పరమాణువులు చీలడం ఆగిపోయినా, అప్పటికే చీలిన ముక్కలు వేడిని వదులుతూనే ఉంటాయి. ఆపిన క్షణాన అది రియాక్టర్ పూర్తి వేడిలో ఆరు శాతానికి పైనే. ఒక రోజు గడిచాక అర శాతం దాకా తగ్గుతుంది. అర శాతమే కదా అనుకోవద్దు. నరోరా లాంటి 220 మెగావాట్ల యూనిట్‌లో అది సుమారు నాలుగు మెగావాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు రెండువేలు ఒకేచోట రాత్రింబవళ్లు మరుగుతున్నట్టు లెక్క. కట్టెల పొయ్యిలో నిప్పుల మీద చెంబెడు నీళ్లు చల్లితే చల్లారతాయి. ఈ పొయ్యికి రోజుల తరబడి నీళ్లు అందుతూనే ఉండాలి. అందకపోతే ఇంధన కడ్డీలు కరిగిపోతాయి.

అందుకే నరోరాలో ఉన్నటువంటి మన భారజల (హెవీ వాటర్) రియాక్టర్లలో కరెంటుకు నాలుగు తరగతులు పెట్టారు. గ్రిడ్ నుంచి వచ్చేది క్లాస్-4. అది పోతే డీజిల్ జనరేటర్లు వాటంతటవే మొదలై ఇచ్చేది క్లాస్-3. బ్యాటరీల నుంచి ఇన్వర్టర్ల ద్వారా ఒక్క క్షణం కూడా ఆగకుండా వచ్చేది క్లాస్-2. నేరుగా బ్యాటరీలదే క్లాస్-1. పెద్ద పంపులను నడిపే శక్తి గ్రిడ్, డీజిల్ కరెంట్లకే ఉంది. బ్యాటరీలు మీటర్లను, కొన్ని కవాటాలను కొన్ని గంటలు బతికించగలవు. గ్రిడ్, డీజిల్ రెండూ చేయిచ్చిన స్థితినే ఇంజినీర్లు ‘స్టేషన్ బ్లాకౌట్’ అంటారు. నరోరాలో ఆ రాత్రి నాలుగూ పోయాయి.

టార్చిలైట్ల వెలుగులో

అప్పుడు ఆదుకున్నవి మూడు. మొదటిది భౌతికశాస్త్రం. ఎసట్లో అడుగున కాగిన నీరు పైకి లేస్తుంది, పైనున్న చల్లటి నీరు కిందికి దిగుతుంది. ఈ రియాక్టర్లలో ఆవిరి పుట్టించే స్టీమ్ జనరేటర్లను ఇంధనం ఉండే చోటుకన్నా ఎత్తున పెట్టింది ఇందుకే. పంపు ఆగిపోయినా వేడెక్కిన భారజలం తనంతట తానే పైకి వెళ్లి, అక్కడ చల్లబడి మళ్లీ దిగివస్తుంది.

పైకి వచ్చిన ఆ వేడిని లాక్కోవడానికి మామూలు నీళ్లు కావాలి. రెండో సాయం అక్కడ దొరికింది. మంటలార్పడానికి ఉంచిన పంపులు కరెంటుతో పనిలేకుండా సొంత డీజిల్ ఇంజిన్లతో నడుస్తాయి. సిబ్బంది వాటిని నడిపి ఆ నీటినే స్టీమ్ జనరేటర్లలోకి మళ్లించారు.

మూడోది మనుషుల తెగువ. రియాక్టర్ చల్లబడేకొద్దీ గొలుసు చర్య మళ్లీ రాజుకునే అవకాశం ఉంటుంది. అది జరగకుండా న్యూట్రాన్లను మింగేసే బోరాన్ ద్రావణాన్ని లోపలికి వదలాలి. కొందరు ఉద్యోగులు టార్చిలైట్లు పట్టుకుని చీకట్లో రియాక్టర్ భవనం పైకి ఎక్కారు. కవాటాలను చేతులతో తిప్పి ద్రావణాన్ని వదిలారు. అది కిందికి పారడానికి భూమ్యాకర్షణే చాలు, మోటారు అక్కర్లేదు.

పదిహేడు గంటలు అలా గడిచాయి. ఇంధనం కరగలేదు. జనావాసాలకు రేడియోధార్మికత చేరలేదు. ఏడు స్థాయుల అంతర్జాతీయ ప్రమాణంలో ఈ ఘటన మూడో స్థాయి దగ్గర ఆగింది.

అయితే నాలుగు తరగతుల కరెంటూ ఒక్కసారే ఎందుకు పోయింది? అసలు కేబుళ్లు, ప్రత్యామ్నాయ కేబుళ్లు మంటను ఆపే అడ్డుగోడలు లేకుండా పక్కపక్కనే వెళ్లాయి. ఒక్క మంట అన్నింటినీ కాల్చేసింది. ఆ తర్వాతే కేబుళ్లను వేరు చేయడం, మంట దాటలేని అడ్డుకట్టలు కట్టడం, టర్బైన్ రెక్కలను మార్చడం మొదలైంది.

అదే తప్పు, ఈసారి నీళ్లతో

పద్దెనిమిదేళ్ల తర్వాత, 2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమా దైచి కేంద్రాన్ని భూకంపం కుదిపేసింది. గ్రిడ్ పోయింది. నడుస్తున్న మూడు రియాక్టర్లూ ఆగాయి. డీజిల్ జనరేటర్లు అందుకున్నాయి. అంతవరకూ అంతా పుస్తకంలో రాసినట్టే జరిగింది. ముప్పావు గంట దాటాక సునామీ వచ్చింది. మొదటి నాలుగు యూనిట్ల నేల సముద్రమట్టానికి పది మీటర్ల ఎత్తున ఉంటే, నీరు దాన్ని దాటి లోపలికి వచ్చింది. డీజిల్ జనరేటర్లలో చాలావరకు నేలమాళిగల్లో ఉన్నాయి. కరెంటును పంచే ప్యానెళ్లూ కిందే ఉన్నాయి. దాదాపు అన్నీ మునిగాయి.

సిబ్బంది కార్ల బ్యాటరీలు విప్పి తెచ్చి కంట్రోల్ రూమ్ మీటర్లకు తగిలించారు. కేంద్రం అధిపతి మసావో యోషిదా ఫైరింజన్లతో సముద్రపు నీటిని రియాక్టర్లలోకి కొట్టించారు. అప్పటికే ఆలస్యమైంది. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు విడిచి వెళ్లారు.

అదే ఆవరణలో ఆరో యూనిట్‌కు చెందిన ఒక డీజిల్ జనరేటర్ కాస్త ఎత్తులో, వేరే భవనంలో ఉంది. చల్లబడటానికి దానికి సముద్రపు నీటితో పనిలేదు, గాలి చాలు. అది ఆగలేదు. అయిదు, ఆరు యూనిట్లు రెండూ దాని పుణ్యాన గట్టెక్కాయి. తక్కిన జనరేటర్ల కన్నా దాని యంత్రం గొప్పదేమీ కాదు. వాటికి దూరంగా ఉంది, వాటికన్నా వేరుగా ఉంది, అంతే.

మనం అడగాల్సిన ప్రశ్నలు

ఫుకుషిమా తర్వాత మన కేంద్రాల్లోనూ మార్పులొచ్చాయి. బయటి నుంచి నీళ్లు ఎక్కించే గొట్టాలకు తావులు ఏర్పాటు చేశారు. ఎక్కడికైనా తీసుకెళ్లగలిగే డీజిల్ జనరేటర్లు సమకూర్చారు. కూడంకుళం కేంద్రంలో కరెంటు లేకున్నా గాలి ప్రవాహంతోనే వేడిని బయటికి పంపే వ్యవస్థ మొదటి నుంచే ఉంది.

ఇది తెలుగువాళ్లకు దూరపు సంగతి కాదు. దేశంలోని భారజల రియాక్టర్ల ఇంధనం హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)లో తయారవుతోంది. భారజలం మణుగూరులోనూ తయారవుతోంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ దగ్గర సముద్రతీరంలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఉంది.

అణు విద్యుత్తు కావాలనేవాళ్లూ వద్దనేవాళ్లూ ఎంతైనా వాదించుకోవచ్చు. ఏ పక్షాన ఉన్నా కొన్ని ప్రశ్నలు మాత్రం అందరూ అడగాలి. డీజిల్ జనరేటర్లు ఎంత ఎత్తున పెడుతున్నారు? అసలు కేబుల్‌కూ ప్రత్యామ్నాయ కేబుల్‌కూ మధ్య గోడ ఉందా? నీళ్లు పోసే పంపు కరెంటు లేకుండా నడుస్తుందా? చీకట్లో మెట్లెక్కి కవాటం తిప్పడం సిబ్బంది చివరిసారి ఎప్పుడు సాధన చేశారు? చుట్టుపక్కల ఊళ్లలో మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగింది?

ఈ ప్రశ్నలు అడగడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. మొదటి దారిని మూసేసే ప్రమాదమే రెండో దారినీ మూసేస్తే, మనకు రెండో దారి లేనట్టే. నరోరాలో నిప్పు, ఫుకుషిమాలో నీరు చెప్పింది ఇదొక్కటే. ఆ ప్రశ్నలకు జవాబులు కాంక్రీటు పోయకముందే రాబట్టుకోవాలి.