కెమెరాకు పాస్‌పోర్టు కనపడదు

దుబాయ్‌లో మీకు బ్రిటిష్ పాస్‌పోర్టూ, బ్రిటన్ లైసెన్సూ ఉన్నాయనుకోండి. కంటి పరీక్ష చేయించుకుని, ఫీజు కట్టి, ఎమిరేట్స్ లైసెన్సు చేతపట్టుకుని బయటికి వచ్చేయొచ్చు. హైదరాబాద్ రోడ్ల మీద ఇరవై ఏళ్లు కారు తోలిన మనవాడు మాత్రం డ్రైవింగ్ స్కూల్లో చేరి క్లాసులకు కూర్చోవాలి. థియరీ, పార్కింగ్, రోడ్డు టెస్టు అన్నీ పాసవ్వాలి. నేరుగా లైసెన్సు మార్చుకునే వీలున్న దేశాల జాబితాలో భారత్ లేదు. తప్పిన ప్రతిసారీ మళ్లీ క్లాసులు, మళ్లీ ఫీజు. అక్కడి తెలుగువాళ్లు నలుగురు చేరితే ఎవరు ఎన్నో టెస్టులో గట్టెక్కారన్న కబురు తప్పక వస్తుంది. 2023 ఏప్రిల్‌లో ‘గోల్డెన్ ఛాన్స్’ అని ఒక వెసులుబాటు ఇచ్చారు. స్వదేశీ లైసెన్సు ఉన్నవాళ్లు క్లాసులు లేకుండా ఒకే ఒక్కసారి టెస్టుకు వెళ్లొచ్చు. తప్పితే మళ్లీ మామూలు దారే.

చిత్రమేమిటంటే, ఇంత సణిగినవాళ్లే రోడ్డెక్కాక అక్కడి పోలీసును మెచ్చుకుంటారు. కౌంటరు దగ్గర పాస్‌పోర్టు రంగు చూస్తారు గానీ కెమెరా చూడదు. ఎర్ర లైటు దాటితే వెయ్యి దిర్హాములు, 12 బ్లాక్ పాయింట్లు, నెల రోజులు బండి స్వాధీనం. షేక్‌గారి లాండ్ క్రూయిజరైనా, డెలివరీ కుర్రాడి బైకైనా ఫోనుకు మెసేజ్ వచ్చేస్తుంది. ‘నేనెవరో తెలుసా’ అనే మాటకు అక్కడ విలువ లేకపోవడమే మనవాళ్లకు నచ్చేది. ఏడాదిలో 24 పాయింట్లు చేరితే లైసెన్సుకే ఎసరు.

దుబాయ్‌లో బోర్డు మీద 100 అని ఉంటే కెమెరా 120 దాకా ఊరుకుంటుంది. ఆ 20 కిలోమీటర్ల చలవ అక్కడ అందరికీ తెలిసిందే. అబుదాబిలో ఆ అలవాటుతోనే వెళ్తే జేబుకు చిల్లే. 2018 ఆగస్టు 12 నుంచి అక్కడ ఆ చలవ తీసేశారు. బోర్డుల మీది అంకెనే 20 పెంచారు. అంటే పట్టుబడే వేగం మారలేదు, మారింది బోర్డే! కానీ ఒకే హైవే మీద ఒక ఎమిరేట్ దాటి ఇంకో ఎమిరేట్‌లోకి వెళ్లేవాడు లెక్క మార్చుకోవాల్సి వచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లు చెల్లించే మొదటి ఫైన్లలో ఇదొకటి.

నెమ్మదిగా వెళ్లినా తప్పే అన్న రోజులూ ఉన్నాయి. 2023లో అబుదాబిలో ఒక పెద్ద హైవే మీద ఎడమవైపు రెండు లేన్లలో 120కి తగ్గితే 400 దిర్హాముల ఫైన్ పెట్టారు. 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు.

దుబాయ్‌లో దుమ్ము కొట్టుకుపోయిన కారును వీధిలో వదిలేస్తే 500 దిర్హాములు. అందుకే సెలవుకు ఊరొచ్చేవాళ్లు తాళం స్నేహితుడికిచ్చి ‘అప్పుడప్పుడూ కడిగించరా’ అని చెప్పి విమానమెక్కుతారు. కోపం వచ్చి వేలు చూపించారా, అది ట్రాఫిక్ తప్పు కాదు, నేరం. విదేశీయుడికి దేశ బహిష్కరణ దాకా వెళ్లిన కేసులున్నాయి. ఇక 2025 మార్చి 29న అమల్లోకి వచ్చిన ఎమిరేట్స్ కొత్త చట్టం ప్రకారం 80 కిలోమీటర్లు, ఆపైన వేగపరిమితి ఉన్న రోడ్డును అడ్డంగా దాటిన పాదచారికి మూడు నెలలకు తగ్గని జైలు, పది వేల దిర్హాములకు తగ్గని జరిమానా కూడా పడొచ్చు. ఎల్‌బీ నగర్‌లో డివైడర్ దూకిన కాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి విమానం ఎక్కించాలి.

కువైట్ కథ వేరు. కడప, రాయచోటి, రాజంపేట, గోదావరి జిల్లాల నుంచి ఇంటి డ్రైవర్లుగా వెళ్లినవాళ్లకు అది బాగా తెలుసు. ఏళ్లుగా ఉన్న నిబంధన ప్రకారం అక్కడ విదేశీయుడికి సొంతంగా లైసెన్సు కావాలంటే డిగ్రీ ఉండాలి, 600 దినార్ల జీతం ఉండాలి, రెండేళ్లు నివాసం ఉండాలి. ఇంటి డ్రైవరుకు ఆ షరతులు లేవు. దాంతో 500 దినార్ల ఉద్యోగి బస్సు కోసం నిలబడితే, అందులో పావు వంతు జీతం తీసుకునే డ్రైవరు కఫీల్ (యజమాని) కారులో పక్కనుంచి వెళ్లిపోతాడు. పని మారిందా, ఆ లైసెన్సూ పోతుంది. రోడ్ల మీద రద్దీ తగ్గించడానికే ఇదని ప్రభుత్వం అంటుంది. రద్దీకి కారణం విదేశీయుల కార్లేనా అని విదేశీయులు అడుగుతారు. నాకైతే రెండో మాటే సబబుగా కనిపిస్తుంది.

1976 నాటి కువైట్ ట్రాఫిక్ చట్టానికి చేసిన సవరణలు 2025 ఏప్రిల్ 22న అమల్లోకి వచ్చాయి. చేతిలో ఫోను పట్టుకుని నడిపితే జరిమానా 5 దినార్ల నుంచి 75కు పెరిగింది. బెల్టు లేకపోతే 30, ఎర్ర లైటు దాటితే 150. అందరికీ ఒకటే రేటు. కానీ 120 దినార్ల జీతగాడికి ఒక ఫోన్ కాల్ ఖరీదు సగం నెల జీతం దాటిపోతుంది. పైగా స్థానికుడికి ఫైన్ ఫైనే, విదేశీయుడికి అకామా (నివాస అనుమతి) గుర్తొస్తుంది. 2013లో ట్రాఫిక్ తప్పులకే వందలమందిని కువైట్ వెనక్కి పంపేసింది.

బాకీ పెట్టి ఊరికి వచ్చేద్దామన్నా కుదరదు. కువైట్‌లో 2023 ఆగస్టు నుంచి ట్రాఫిక్ ఫైన్లు కట్టాకే విదేశీయులు దేశం దాటాలి. ఖతార్‌లో 2024 సెప్టెంబరు నుంచి ఇదే పద్ధతి.

తొందరగా కట్టేవాళ్లకు అబుదాబిలో రాయితీ ఉంది. 60 రోజుల్లోపు 35 శాతం, ఏడాదిలోపు 25 శాతం. మన తెలంగాణలో ఎదురు లెక్క. 2023 డిసెంబరులో పెండింగ్ చలానాలకు ఇచ్చిన రాయితీ ద్విచక్రవాహనాలకు 80 శాతం. వచ్చిన వెంటనే బుద్ధిగా కట్టినవాడికి పూర్తి ధర.

అన్నిటికంటే బరువైనది దియా. ప్రమాదంలో మనిషి పోతే చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వాల్సిన సొమ్ము. ఎమిరేట్స్‌లో రెండు లక్షల దిర్హాములు, మన డబ్బులో 40 లక్షలు దాటుతుంది. బండికి సరైన ఇన్సూరెన్సు ఉంటే మామూలుగా కంపెనీ కడుతుంది. గడువు తీరిన పాలసీ బండిని నడిపిన డ్రైవరు మీద పడితే ఊళ్లో పొలం అమ్మినా తీరదు. అందుకే పాత డ్రైవర్లు కొత్త కఫీల్ దగ్గర జీతం మాట కంటే ముందు బండి కాగితాలు చూస్తారు.