అప్రెంటిస్ అయిపోయింది.. మరి ఆ తర్వాతండీ?

పాశర్లపూడి బావి 1995 జనవరిలో అంటుకుని 65 రోజులు మండింది. తాటిపాకలో ఓఎన్జీసీ చిన్న రిఫైనరీ 2001 నుంచీ ఉంది. గ్యాసు మన చేల కిందే ఉంది. మరి ఐటీఐలో ఫిట్టరు చదివిన మన పేట కుర్రోడు అలాంటి సంస్థల్లోకి ఎలా వెళ్ళాలి? వెళ్ళాక పైకెలా ఎదగాలి? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలండి. మనోళ్ళు మొదటిదే అడుగుతున్నారు.

లోపలికెళ్ళే దారి అప్రెంటిస్. 1961 నాటి చట్టం, దాని రూల్సు ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా అప్రెంటిసుల్ని తీసుకోవాల్సిందే. కాంట్రాక్టు వాళ్ళని కూడా కలుపుకుని మొత్తం సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా ఉండాలి. అందులో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకి సీట్లు కేటాయించాలి. నెలనెలా స్టైపెండు ఇవ్వాలి. ఇదేం దయ కాదు, చట్టం.

చిక్కల్లా ఆ తర్వాతే. శిక్షణ ఇచ్చినోళ్ళే ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు. కానీ 22వ సెక్షన్‌లో రెండు మాటలున్నాయి. ఒకటి, శిక్షణ పూర్తిచేసినోళ్ళని పనిలోకి తీసుకోడానికి ప్రతి యజమానీ సొంత విధానం రాసుకోవాలి. ఇది 2014 సవరణలో వచ్చింది. రెండోది, శిక్షణ అయ్యాక మా దగ్గరే పనిచేయాలని ఒప్పందంలో షరతు ఉంటే, తగిన పని చూపించే బాధ్యత యజమానిదే.

ఇక ప్రమోషన్ల సంగతి. ఎస్సీ, ఎస్టీలకి ప్రమోషన్లలో రిజర్వేషన్‌కి వీలిచ్చిన 77వ రాజ్యాంగ సవరణ కూడా 1995లోనే వచ్చింది. అయితే అది ప్రభుత్వ కొలువుల్లో పర్మినెంటు వాళ్ళకి. కాంట్రాక్టరు కింద పదేళ్ళు వాల్వు తిప్పినోడికి అసలు ప్రమోషనే లేదు, ఇంక రిజర్వేషన్ దేంట్లో ఇత్తారండి?

అందుకే నేను చెప్పేదేంటంటే, ఒప్పందం చదవకుండా సంతకం పెట్టొద్దు. ఆ కాపీ దాచుకోండి. శిక్షణ చివర్లో పరీక్ష రాసి జాతీయ సర్టిఫికెట్టు తెచ్చుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయితే పది రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దారిద్ర్యరేఖకి దిగువనున్నోళ్ళకి ఆ పదీ అక్కర్లేదు. మీ 22వ సెక్షన్ విధానం కాపీ ఇవ్వండి, గత అయిదేళ్ళలో అప్రెంటిస్ పూర్తిచేసినోళ్ళు ఎందరు, వాళ్ళలో ఉద్యోగం ఇచ్చింది ఎందరికి, అందులో ఎస్సీలెందరు అని అడగండి.

ఎంతమందికి నేర్పారన్న లెక్క ఎవరైనా చెప్తారు. ఎంతమందిని పైకి తెచ్చారన్న లెక్క మాత్రం మనం అడిగితేనే బయటికొత్తాది.