దేశాంతర వ్యాపారములో లంచము – మన చిట్టా పుస్తకము

మన గుణుపురం ప్రక్కగా పారే వంశధార కొండల మీది రాతిపొడిని మోసుకొనిపోయి కళింగపట్నము దగ్గర సముద్రములో కలుపుతుంది. అక్కడి తీరములోను, దానికి పైగా ఉన్న భావనపాడు తీరములోను ఇసుక చాలచోట్ల నల్లగా కనబడుతుంది. ఇల్మనైటు, రూటైలు, గార్నెట్టు మొదలైన ఖనిజములు అందులో కలిసి ఉన్నవి. ఇల్మనైటు, రూటైలుల నుంచి టిటేనియము తీస్తారు. విమానముల తయారీకి ఆ లోహము అవసరము.

నేతపనివారి పత్రికలో ఇసుక ప్రసంగమెందుకని సభ్యులు అడుగవచ్చును. ఆంధ్ర తీరపు ఇసుకను గురించి అమెరికాలో ఒక లంచపు వ్యాజ్యము నడిచింది. పైదేశపు కొనుగోలుదారులతో బేరము పెట్టుకొనే వారందరికీ అందులో తెలుసుకోవలసినది ఉన్నది.

2014 ఏప్రిల్‌లో షికాగో కోర్టులోని అభియోగపత్రము బయటికి వచ్చింది. ముద్దాయిలు ఆరుగురు. మొదటివాడు ఉక్రెయిను దేశపు ధనికుడు ద్మిత్రో ఫిర్తాష్. మరొకరు అప్పటి రాజ్యసభ సభ్యులు కె.వి.పి. రామచంద్రరావు. ఆంధ్రప్రదేశ్‌లో టిటేనియము ఖనిజముల త్రవ్వకానికి లైసెన్సులు సంపాదించడం కోసం 2006 మొదలుకొని అధికారులకు 1 కోటి 85 లక్షల డాలర్ల లంచము ఇవ్వజూచారని ప్రభుత్వ వాదన. వచ్చే సరుకును షికాగోలోని ఒక కంపెనీకి అమ్మాలని ఉద్దేశమట. ఆ కంపెనీ బోయింగు; దానిమీద ఏ నేరమూ మోపలేదు. ఫిర్తాష్, రామచంద్రరావు ఇద్దరూ ఆరోపణలను తోసిపుచ్చారు. ఫిర్తాష్‌ను వియన్నాలో అదే సంవత్సరం మార్చిలో నిర్బంధించి 12 కోట్ల 50 లక్షల యూరోల జామీను మీద విడిచిపెట్టారు. అమెరికాకు అప్పగించే విషయమై ఆస్ట్రియా కోర్టులలో ఏళ్ల తరబడి వాదములు సాగినవి. ఇవన్నీ అభియోగములే గాని తీర్పులు కావని పాఠకులు గుర్తుంచుకోవలెను.

ఉక్రెయిను మనిషి, ఆంధ్ర ఇసుక, వియన్నాలో అరెస్టు. మధ్య అమెరికాకు అధికారమెక్కడిది? డాలర్లు అమెరికా బ్యాంకుల గుండా నడిచాయనీ, కొనవలసిన కంపెనీ అక్కడిదనీ వారు చూపారు. నేడు వ్యాపారమంతా బ్యాంకుల తీగల మీద నడుస్తున్నది గనుక ఈ వాదము చాల దూరము పోగలదు.

ఆ చట్టము 1977 నాటిది. లాక్‌హీడు విమానాల కంపెనీ పలు దేశాల అధికారులకు సొమ్ము ముట్టజెప్పిన సంగతి బయటపడి, 1976లో జపాను మాజీ ప్రధాని తనాకా అరెస్టయిన తరువాత పుట్టింది. అది ఇచ్చినవానినే పట్టుకొంటుంది, పుచ్చుకొన్న పరదేశపు అధికారిని కాదు. అందుచేతనే షికాగో కేసులో ఆ చట్టపు నేరము తక్కిన అయిదుగురి మీద మోపి, రామచంద్రరావు మీద వేరే నేరములు మోపారు. ఈ లోటు పూరించడానికి 2023 డిసెంబరులో పుచ్చుకొన్నవానిని శిక్షించే చట్టము కూడా చేశారు. 2025 ఫిబ్రవరిలో అధ్యక్షుడు ట్రంపు 1977 చట్టపు అమలును ఆపి ఉంచి పునఃపరిశీలించమన్నాడు; జూన్‌లో కొత్త నిబంధనలతో మళ్లీ మొదలుపెట్టారు. అమలు సడలినంత మాత్రాన చట్టము రద్దు కాలేదు.

తెలుగుదేశానికి ఇది కొత్త సంగతి కూడా కాదు. 1778లో చెన్నపట్నపు గవర్నరుగా వచ్చిన సర్ థామస్ రంబోల్డు, ఉత్తర సర్కారుల జమీందారుల స్థితిగతులు విచారించే సర్క్యూటు కమిటీని ఎత్తివేసి, జమీందారులను పట్నానికి రమ్మని ఉత్తరువు చేశాడు. విజయనగరపు సీతారామరాజు పక్షాన తీర్పులు జరగడానికి వెనుక సొమ్ము ఉన్నదని నింద వచ్చింది. కంపెనీ డైరెక్టర్లు 1781లో రంబోల్డును తొలగించారు. పార్లమెంటులో అతనిని శిక్షించే బిల్లు కూడా పెట్టి, 1783లో వదిలివేశారు. కంపెనీ అధికారులు బహుమానములు పుచ్చుకోరాదని 1773లోనే చట్టము చేసి ఉన్నారు! చట్టమున్నంత మాత్రాన పట్టుబడినవానికి శిక్ష పడుతుందని ఎవరూ అనుకోనక్కరలేదు.

ఇక మన సంగతి. తువాళ్ళు, పరదాగుడ్డ పైదేశానికి పంపేటప్పుడు మనము సూటిగా బేరము చేయము. నడుమ ఎగుమతిదారుడు, దలాలు, సరుకు చూడ వచ్చే ఇన్‌స్పెక్టరు ఉంటారు. ఒకసారి మా సరుకు చూడ వచ్చినాయన అంగుళానికి పేక పోగులు తక్కువైనవన్నాడు. భూతద్దము పెట్టి మేమూ లెక్కబెట్టాము, సరిపోయినవి. దలాలు ప్రక్కకు పిలిచి నూటికి రెండు రూపాయల చొప్పున ముట్టజెప్పితే పోగులు సరిపోతాయన్నాడు. ఇచ్చాము. పండుగ ముందు మగ్గాలు ఆగిపోతాయన్న భయము మాది. చిట్టాలో "గోనెపట్టా, తాళ్ళ ఖర్చు" అని వ్రాసుకొన్నాము.

ఇచ్చిన తప్పు ఒకటైతే, ఆ వ్రాత రెండవది. 1977 చట్టములో సగము లంచము గురించి, సగము లెక్కల పుస్తకముల గురించి. అమెరికా షేరు బజారులో ఉన్న కంపెనీ తన పుస్తకాలలో అబద్ధపు పద్దు వ్రాస్తే, లంచము రుజువు కాకపోయినా దండన పడవచ్చును. మన చిట్టా మీద ఆ చట్టము రాదు. కాని అటువంటి కంపెనీకి సరుకు పోతే వారి ఆడిటరు మన పుస్తకము అడుగుతాడు. తాళ్ళు అన్ని వందల రూపాయలవి ఎందుకయ్యాయని తప్పక అడుగుతాడు.

ఇంగ్లండు చట్టము (2010) ఇంకా గట్టిది. ప్రభుత్వోద్యోగికి ఇచ్చినా, ప్రైవేటు కంపెనీ మనిషికి ఇచ్చినా లంచము లంచమే అంటుంది. తన తరఫున పనిచేసేవారు తన లాభము కోసం లంచమిస్తే, నివారించే ఏర్పాట్లు చేయని కంపెనీయే నేరస్థురాలు. అందుకనే అక్కడి కొనుగోలుదారులు ఒప్పందములో లంచము ఇవ్వబోమని ఒక షరతు వ్రాయించుకొంటారు. మన కార్యదర్శులు చాలమంది చదవకుండా సంతకము పెట్టే కాగితమది. చదివి పెట్టాలి.

మన దేశములో 1988 నాటి అవినీతి నిరోధక చట్టము 2018లో సవరింపబడింది. ముఖ్యమైన మార్పు సభ్యులకు ఇంకా తెలిసినట్లు లేదు: ప్రభుత్వోద్యోగికి లంచమిచ్చుట కూడా ఇప్పుడు స్వతంత్రముగా నేరమే. ఏడేండ్ల వరకు శిక్ష పడవచ్చును. కస్టమ్సు గుమాస్తాకు "మామూలు", లైసెన్సు ఫైలు కదలడానికి "టీ ఖర్చు", అన్నీ ఇందులోనివే. పని త్వరగా జరగడానికి ఇచ్చే చిన్న సొమ్ములకు అమెరికా చట్టములో కొంత మినహాయింపు ఉన్నది; మన చట్టములో లేదు. రసీదు ఉన్న ప్రభుత్వ రుసుము మాట వేరు.

బలవంతపెట్టి పుచ్చుకొన్నప్పుడు ఒక దారి ఉన్నది. ఇచ్చిన నాటినుంచి ఏడు రోజులలోగా పోలీసు వంటి దర్యాప్తు శాఖకు తెలియజేసినవానికి శిక్ష లేదు. ఇవ్వకముందే చెప్పి, వారి అనుమతితో ఇచ్చి పట్టించినవానికీ లేదు. ఎనిమిదవ రోజున ఈ రక్షణ పోతుంది. "పండుగ వెళ్లనీ, చూద్దాము" అని మనము వాయిదా వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు.

రాష్ట్రోద్యోగి అయితే ఫిర్యాదు ఒడిశా విజిలెన్సు శాఖకు ఇవ్వాలి; దాని కోరాపుట్ డివిజను కార్యాలయము జయపురములో ఉన్నది. కస్టమ్సు వంటి కేంద్రోద్యోగి అయితే సి.బి.ఐ. ఫిర్యాదులో తేదీ, వేళ, అడిగిన మొత్తము, విన్నవారి పేర్లు వ్రాసి, నకలు మీద చేరినట్లు ముద్ర వేయించుకోవాలి. మా సంఘములో ఈ సంవత్సరము నుంచి చిట్టాకు "అడిగిన సొమ్ము" అని ఒక కాలము చేర్చాము. ఇచ్చినా ఇవ్వకపోయినా, ఎవరు ఎంత అడిగినదీ ఆ రోజే అందులో వ్రాస్తున్నాము.